కట్టాల్సిన చోట వదిలేసి, వదలాల్సిన చోట కట్టేసి

2019 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీకి 39 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. సీట్లు 23. అయిదేళ్ల తర్వాత, 2024లో, అదే రాష్ట్రంలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా 39 శాతానికి పైగానే ఓట్లు పడ్డాయి. సీట్లు 11. ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు ఓటేసిన పార్టీ అది. ఓట్ల నిష్పత్తిలో సీట్లు పంచితే 175 మంది సభలో 68 మంది దాకా కూర్చోవాల్సిన పార్టీ, ఒకసారి రెండు వరసల్లోకి, మరోసారి ఒక్క వరసలోకి కుదించుకుపోయింది. గెలిచినవారి గెలుపును తప్పుపట్టడానికి చెబుతున్న లెక్క కాదిది. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 50 శాతం దగ్గరగా, 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 55 శాతం ఓట్లు వచ్చాయి. అవి నిఖార్సయిన గెలుపులే. ఓడినవారికి ఓటేసిన జనం తరఫున ఆ తర్వాతి అయిదేళ్లు సభలో ఎవరు నిలబడి ప్రశ్నించారన్నదే అసలు సంగతి.

తెలంగాణలో అంతరాలు ఇంకా సన్నగా ఉన్నాయి. 2023లో కాంగ్రెస్‌కూ బీఆర్‌ఎస్‌కూ మధ్య ఓట్ల తేడా దాదాపు 2 శాతం. సీట్ల తేడా 25. రాష్ట్రం ఏర్పడిన 2014లో టీఆర్‌ఎస్ 34 శాతం ఓట్లతోనే 119కి 63 సీట్లు గెలిచి సొంతంగా ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచినట్టు అనే మన పద్ధతిలో ఇది తప్పుకాదు, ఆ పద్ధతి గుణమే అంత. ఓట్లు రాష్ట్రమంతటా సమంగా పరుచుకున్న పార్టీ ఓడితే చాలాచోట్ల రెండో స్థానంలో నిలుస్తుంది. రెండో స్థానానికి సున్నా.

ఈ పద్ధతిని సమర్థించేవారి వాదనలో బలమైన మాట ఒకటుంది: ప్రభుత్వాన్ని దించేయడానికి దీన్ని మించిన ఆయుధం లేదు. అది నిజం. 151 సీట్ల నుంచి 11కు పడిపోయే ప్రమాదం ఉందని తెలిసిన ముఖ్యమంత్రి ప్రజాగ్రహాన్ని తేలిగ్గా తీసుకోలేడు. సంకీర్ణాలతోనే నడిచే దేశాల్లో నాలుగు పార్టీలు తప్పును ఒకరి మీద ఒకరు తోసుకుంటాయి. ఇక్కడ ఆ దాగుడుమూతలకు చోటు తక్కువ. మంచైనా చెడైనా చేసింది ఎవరో ఓటరుకు తెలుసు. కానీ జవాబుదారీతనంలో శిక్ష సగమే. మిగతా సగం రోజువారీ లెక్క అడగడం. అయిదేళ్లకోసారి జరిమానా వేసే అధికారం ఉండి, ఈలోపు పద్దు పుస్తకం తెరిపించే అధికారం లేకపోతే, జరిమానా ఎందుకు వేస్తున్నామో కూడా సరిగ్గా తెలియకుండానే వేస్తాం.

పద్దు పుస్తకం తెరిపించే పని శాసనసభలో ప్రతిపక్షానిది. సభలో పదో వంతు సీట్లుంటేనే ప్రతిపక్ష నేత హోదా అన్నది తొలి లోక్‌సభ స్పీకర్ మావలంకర్ కాలం నుంచి నడుస్తున్న ఆనవాయితీ. ఆంధ్రప్రదేశ్‌లో దాని అర్థం 18 సీట్లు. 11 సీట్లున్న పార్టీకి ఆ హోదా రాలేదు. అది రాకపోతే పోయేది కారూ గదీ మాత్రమే అయితే సామాన్యుడికి పట్టింపు ఉండనక్కర్లేదు. పోయేది మాట్లాడే సమయం, సభా వ్యవహారాల్లో ముందు వరస స్థానం. ఇంకా ముఖ్యమైనది ప్రజా పద్దుల కమిటీ. కాగ్ ఇచ్చే ఆడిట్ నివేదికలను తీసుకుని, అధికారులను పిలిచి, ఈ డబ్బు ఇక్కడ ఎందుకు ఖర్చయింది, అక్కడ ఎందుకు ఖర్చు కాలేదు అని అడిగే కమిటీ అది. దాని అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం దేశమంతటా పాటించే సంప్రదాయం. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆ పదవి కూటమిలోని జనసేన ఎమ్మెల్యేకు వెళ్లింది. సభ్యత్వానికే ఎన్నిక జరపాల్సి వచ్చింది, వైఎస్సార్ కాంగ్రెస్ ఆ ఓటింగును బహిష్కరించింది. ప్రభుత్వ పక్షం లెక్కలను ప్రభుత్వ పక్షమే తనిఖీ చేస్తోంది.

ఇది ఒక్క పార్టీ చేసిన పని అనుకుంటే పొరపాటు. తెలంగాణలో 2018లో 19 సీట్లు గెలిచిన కాంగ్రెస్ ప్రధాన ప్రతిపక్షం. ఒకరు పార్లమెంటుకు వెళ్లగా మిగిలిన 18 మందిలో 12 మంది 2019 జూన్‌లో టీఆర్‌ఎస్‌లో విలీనమైనట్టు స్పీకర్ గుర్తించారు. ఆరుగురు మిగిలిన కాంగ్రెస్ హోదా కోల్పోయింది. ఏడుగురున్న మజ్లిస్ పెద్ద ప్రతిపక్షమైంది. ప్రజా పద్దుల కమిటీ అధ్యక్ష పదవి, టీఆర్‌ఎస్‌తో స్నేహంగా ఉన్న ఆ పార్టీకే దక్కింది. 2023 డిసెంబరులో అధికారం చేతులు మారింది, పద్ధతి మారలేదు. బీఆర్‌ఎస్ టికెట్టు మీద గెలిచి కాంగ్రెస్‌లోకి వెళ్లారని అదే బీఆర్‌ఎస్ ఆరోపిస్తున్న ఎమ్మెల్యేను 2024లో ఆ కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. రికార్డుల్లో ఆయన ప్రతిపక్ష సభ్యుడే కదా అన్నది ప్రభుత్వ పక్షం వాదన.

ప్రతిపక్షాలు కూడా తమవంతు చేటు చేశాయి. 2017 చివర్లో వైఎస్సార్ కాంగ్రెస్, పార్టీ మారిన తన ఎమ్మెల్యేలపై చర్య లేదని నిరసిస్తూ సభను బహిష్కరించింది. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు, తనకూ తన కుటుంబానికీ జరిగిన అవమానాన్ని ఎత్తిచూపుతూ, ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని చెప్పి సభ నుంచి వెళ్లిపోయారు. 2024 తర్వాత జగన్‌మోహన్ రెడ్డి హోదా ఇవ్వలేదన్న కారణంతో సమావేశాలకు చాలావరకు దూరంగా ఉన్నారు. మూడింటికీ కారణాలున్నాయి, కొన్ని కారణాలు న్యాయమైనవి కూడా. అయినా ఫలితం ఒక్కటే. వరసగా మూడు శాసనసభల్లో, ఏదో ఒక దశలో, ప్రధాన ప్రతిపక్ష నాయకుడి కుర్చీ ఖాళీగా ఉంది. ఆ నాయకుణ్ణి సభకు పంపిన నియోజకవర్గం ఓటర్లు, వెళ్లి మాట్లాడమని పంపామే తప్ప ఖాళీ చేసి రమ్మని కాదు అని అడిగితే చెప్పడానికి జవాబు ఏముంటుంది?

ఇక ఫిరాయింపుల చట్టం దగ్గరకు రావాలి. మన జవాబుదారీతనం ఎక్కడ విరిగిందో చూపడానికి దీన్ని మించిన చోటు లేదు. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పదిహేను రోజుల్లోనే పలుమార్లు కండువాలు మార్చాక ‘ఆయారామ్ గయారామ్’ అన్న మాట పుట్టింది. 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేరింది. అది రెండు పనులు చేసింది. ఒకటి, టికెట్టు ఇచ్చిన పార్టీని తనంతట తాను వదిలిన సభ్యుడికి పదవి పోతుంది. రెండు, ఎలా ఓటేయాలో చెబుతూ పార్టీ జారీచేసిన విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, ఓటింగుకు గైర్హాజరైనా పదవి పోతుంది. మొదటిది ఓటరుకు ఇచ్చిన మాటను కాపాడేది. రెండోది సభ్యుడి నోరు కట్టేసేది. ఇన్నేళ్ల అనుభవంలో మొదటిది దాదాపు పనిచేయలేదు, రెండోది గట్టిగా పనిచేసింది.

మొదటిది ఎందుకు పనిచేయలేదు? నిర్ణయం స్పీకర్ చేతిలో ఉంది గనుక. స్పీకర్ అధికార పార్టీ ఎమ్మెల్యే. గడువు రాయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు, వారిలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. సభ కాలం ముగిసేదాకా ఎవరి పదవీ పోలేదు. తెలంగాణలో 2014లో తెలుగుదేశం టికెట్టు మీద సనత్‌నగర్‌లో గెలిచిన నాయకుడు అదే ఏడాది డిసెంబరులో టీఆర్‌ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. ఆయన ఎమ్మెల్యే పదవికి ఇచ్చిన రాజీనామా స్పీకర్ దగ్గర పరిశీలనలోనే ఉండిపోయింది. 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ స్పీకర్ వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచిన నలుగురు, తెలుగుదేశం నుంచి గెలిచిన నలుగురు, మొత్తం 8 మందిని ఒకేసారి అనర్హులుగా ప్రకటించారు. అప్పటికి సభ చివరి సమావేశాలు ముగిశాయి, ఎన్నికల షెడ్యూలుకు వారాలే మిగిలాయి. ఇంతమంది చేసినా శిక్ష పడని తప్పు తప్పుగా కనిపించడం మానేస్తుంది. ఊళ్లో జనం కూడా ‘మా ఎమ్మెల్యే నియోజకవర్గం అభివృద్ధి కోసం వెళ్లాడు’ అని వాళ్ల మాటనే వాళ్ల బదులు చెప్పడం మొదలుపెడతారు.

విలీనం నిబంధన ఇంకో కిటికీ. మూడో వంతు మంది చీలితే చీలికగా గుర్తించే వెసులుబాటును 2003లో 91వ సవరణ తొలగించింది. మూడింట రెండు వంతుల మంది విలీనానికి ఒప్పుకుంటే ఎవరికీ అనర్హత ఉండదన్న వెసులుబాటు మాత్రం మిగిలింది. తెలంగాణలో 2019లో 18 మందిలో సరిగ్గా 12 మంది, అంటే కచ్చితంగా మూడింట రెండు వంతులు. ఆ పన్నెండు మంది ఒక్క రోజున కూడబలుక్కుని వెళ్లినవారు కారు. మార్చి నుంచి ఒకరి వెనక ఒకరు వెళ్లి, లెక్క సరిపోయిన రోజున విలీనం లేఖ ఇచ్చారు. ఒక్కొక్కరూ వెళ్లినప్పుడు తప్పు, పన్నెండో మనిషి చేరగానే అందరికీ ఒప్పు. ఓటరు దృష్టిలో పన్నెండు మోసాలు కలిస్తే ఒక విలీనం ఎలా అవుతుందో ఏ చట్టమూ వివరించదు.

న్యాయస్థానాలు ఇందులోకి మెల్లగా వచ్చాయి. 1992లో కిహోటో హోలోహన్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెడుతూనే, స్పీకర్ నిర్ణయం న్యాయసమీక్షకు లోబడుతుందని చెప్పింది. 2020లో మణిపూర్ కేసులో, సాధారణంగా మూడు నెలల్లో తేల్చాలని, ఈ అధికారాన్ని స్వతంత్ర ట్రైబ్యునల్‌కు ఇచ్చే విషయం పార్లమెంటు ఆలోచించాలని సూచించింది. 2025 జులై 31న తెలంగాణకు చెందిన 10 మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేల వ్యవహారంలో, మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌ను ఆదేశిస్తూ, స్పీకర్‌కు ఈ పని అప్పగించిన ఏర్పాటు ఉద్దేశించిన ఫలితం ఇస్తున్నదా అన్నది పార్లమెంటు చూసుకోవాలని మళ్లీ చెప్పింది. దానికి 35 ఏళ్ల ముందే, 1990లో, దినేశ్ గోస్వామి కమిటీ రెండు పనులు సిఫార్సు చేసింది: ఈ నిర్ణయాన్ని స్పీకర్ నుంచి తీసి, ఎన్నికల సంఘం సలహా మీద రాష్ట్రపతికి లేదా గవర్నరుకు ఇవ్వాలి, విప్ ధిక్కారానికి అనర్హత అన్నది విశ్వాస, అవిశ్వాస తీర్మానాల వంటి కొద్ది ఓటింగులకే పరిమితం చేయాలి. రెండో సిఫార్సు గురించి మనవైపు చర్చే తక్కువ. నిజానికి దాని విలువ మొదటిదానికన్నా తక్కువ కాదు.

ఎందుకంటే విప్ ఇప్పుడు ప్రతి బిల్లుకూ వర్తించవచ్చు. తన ప్రాంతం భూములు తీసుకునే బిల్లు వచ్చినా, తన జిల్లా ఆసుపత్రికి కోత పెట్టే బడ్జెట్ వచ్చినా, అధికార పార్టీ ఎమ్మెల్యే చెయ్యెత్తాల్సిందే. ఎత్తకపోతే పదవి పోతుంది, పైగా ఆ చర్య తీసుకోవడానికి స్పీకర్‌కు ఆలస్యం చేయాల్సిన అవసరమూ ఉండదు. బ్రిటన్ కామన్స్ సభలో పార్టీ మాటకు ఎదురుగా ఓటేసిన సభ్యుడు పార్టీ కోపానికి గురికావచ్చు, సీటు మాత్రం పోదు. ఇక్కడ సభ్యుడు మనసులో మాట చెప్పాల్సిన చోట కట్టేసి ఉన్నాడు, ఇచ్చిన మాటకు కట్టుబడాల్సిన చోట స్వేచ్ఛగా ఉన్నాడు. ఒక్క చట్టంలోనే రెండు ముడులూ తారుమారయ్యాయి. నియోజకవర్గం ప్రజలకు ఎమ్మెల్యే జవాబు చెప్పడం లేదని అనేటప్పుడు, జవాబు చెప్పడానికి అతని చేతిలో ఏ నిర్ణయం ఉందో కూడా అడగాలి.

ప్రచారం మారిన తీరు ఈ ముడిని ఇంకా బిగించింది. 2017 నుంచి 2019 దాకా వైఎస్సార్ కాంగ్రెస్‌కు ప్రశాంత్ కిశోర్ బృందం ఐప్యాక్, 2023లో తెలంగాణ కాంగ్రెస్‌కు సునీల్ కనుగోలు బృందం పనిచేశాయి. సర్వేలు, బూత్‌వారీ సమాచారం, ఫోన్లకు వచ్చే రికార్డు గొంతు అభిప్రాయ సేకరణ, వాటి మీద ఆధారపడి టికెట్లు. 2024లో తెలుగుదేశం కూడా అభ్యర్థుల గురించి ఫోన్ ద్వారా జనాన్ని అడిగింది. ఇందులో మంచి లేకపోలేదు. డబ్బున్నవాడికో, నాయకుడి బంధువుకో కాకుండా జనం మెచ్చేవాడికి టికెట్టు వస్తే మేలే. కానీ ఆ సర్వే ఎవరు చేశారు, ఎంతమందిని అడిగారు, ఏ ప్రశ్న అడిగారు అన్నది బయటికి రాదు. పార్టీ సభ్యులు ఓటేసి అభ్యర్థిని ఎంచుకునే పద్ధతికీ, నాయకుడి బల్ల మీద మూసిన కవరులో ఉన్న అంకెకూ చాలా తేడా ఉంది. మొదటిదాన్ని ఓడినవాడు ప్రశ్నించగలడు. రెండోదాన్ని ప్రశ్నించడానికి అతనికి ఆ అంకె కూడా తెలియదు.

ఇందువల్ల ఓటరుకు జరిగే నష్టం 2024 ఎన్నికల ముందు కళ్లముందు కనిపించింది. 2023 డిసెంబరు నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ సిట్టింగ్ ఎమ్మెల్యేలను ఒక నియోజకవర్గం నుంచి ఇంకోదానికి మార్చింది. చిలకలూరిపేట ఎమ్మెల్యే, వైద్యారోగ్య శాఖ మంత్రి గుంటూరు పశ్చిమకు వెళ్లారు. కొవ్వూరు ఎమ్మెల్యే, హోంమంత్రి గోపాలపురానికి వెళ్లారు. అనకాపల్లి ఎమ్మెల్యే, పరిశ్రమల మంత్రి గాజువాకకు వెళ్లారు. చిలకలూరిపేట ఓటరు అయిదేళ్లు చూసిన ఎమ్మెల్యేకు మెచ్చుకుని ఓటేసే అవకాశమూ లేదు, కోపంతో ఓడించే అవకాశమూ లేదు. గుంటూరు పశ్చిమ ఓటరు ఆ ఎమ్మెల్యే పనితీరు చూడనే లేదు. నియోజకవర్గం అన్నది మాట ఇచ్చినవారినీ మాట తీసుకున్నవారినీ ఒక గట్టున నిలబెట్టే ఏర్పాటు. అభ్యర్థులను బదిలీ ఉద్యోగుల్లా తిప్పితే ఆ గట్టు తెగుతుంది. బదిలీ అయిన ఆ ముగ్గురూ ఓడారు, కానీ ఆ ఓటమి ఎవరిచ్చిన తీర్పు, దేని మీద ఇచ్చిన తీర్పు అన్నది మసకగానే మిగిలింది.

హామీల సంగతి వేరు, దాన్ని ఒక్క మాటలో తిట్టిపోయడం సరికాదు. 2019లో నవరత్నాలు, 2023లో ఆరు గ్యారంటీలు, 2024లో సూపర్ సిక్స్. వేదికల మీద ‘అభివృద్ధి’ అనే పెద్ద మాట చెప్పి తప్పించుకునే కాలం నుంచి, ఇంటికి ఇంత, ఈ తేదీకి అని లెక్క చెప్పాల్సిన కాలానికి వచ్చాం. చదువుకునే బిడ్డకు 15 వేలు వచ్చాయా లేదా అన్నది తల్లికి తెలుసు, ఆమెను ఏ ప్రకటనా నమ్మించలేదు. తెలంగాణలో కాంగ్రెస్ ప్రభుత్వం ప్రమాణం చేసిన రెండు రోజులకే, 2023 డిసెంబరు 9న, మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. అదే పార్టీ మహిళలకు నెలకు 2,500 ఇస్తామన్న మాట 100 రోజుల గడువులో నెరవేరకపోవడం కూడా ప్రతి ఇంటికీ తెలిసింది. ఇంత నేరుగా సరిచూసుకోగల హామీ జవాబుదారీతనానికి బలమే. 2013లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో మేనిఫెస్టో హామీ అవినీతి చర్య కాదని తేల్చింది, ఆ తర్వాత ఎన్నికల సంఘం నియమావళిలో హామీకి డబ్బు ఎక్కడినుంచి తెస్తారో స్థూలంగా చెప్పాలన్న మాట చేరింది. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు.

నష్టం ఇంకోవైపు నుంచి వస్తుంది. సరిచూసుకోగలిగినవే హామీలైతే, సరిచూసుకోవడం కష్టమైనవి హామీల జాబితాలోంచే జారిపోతాయి. ప్రాథమిక పాఠశాలలో అయిదో తరగతి పిల్లలు వాక్యం చదవగలుగుతున్నారా, మండల ఆసుపత్రిలో రాత్రిపూట డాక్టరు ఉంటున్నాడా, చెరువు కాలువ పూడిక తీశారా, రాష్ట్రం చేసిన అప్పు ఎంత, ఏ కార్పొరేషన్ పేరు మీద చేసింది. వీటికి బ్యాంకు ఖాతాలో మెసేజ్ రాదు. వీటిని అడగాల్సింది సభలో ప్రతిపక్షం, ప్రజా పద్దుల కమిటీ, ఎమ్మెల్యే. ఆ ముగ్గురి పరిస్థితీ పైన చూశాం. ఓటరు ఒంటరిగా, తన ఖాతా ఒక్కటే చేతిలో పట్టుకుని తీర్పు ఇవ్వాల్సివస్తోంది.

ప్రభుత్వ యంత్రాంగానికీ పార్టీ ప్రచారానికీ మధ్య గీత చెరిగిపోవడమూ ఇక్కడే కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాదాపు 50 ఇళ్లకు ఒకరి చొప్పున వలంటీర్లను నియమించారు. పింఛను గడప దగ్గరికి రావడం ముసలివారికి చిన్న మేలు కాదు. కానీ ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరికి ఏ పథకం వస్తోంది అన్న వివరం అంతా ఒక వ్యక్తి ఫోనులో ఉండి, ఎన్నికల కాలంలో ఆ వ్యక్తి ఎవరి మనిషి అన్నది వివాదమైతే, మేలుకూ ఓటుకూ మధ్య తెర పోతుంది. 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం వలంటీర్లు పింఛన్లు పంచకూడదని ఆదేశించింది.

డబ్బు లెక్క అందరికీ తెలిసిన రహస్యం, అందుకే త్వరగా చెప్పి ముందుకు పోవచ్చు, ఒక్క విషయం తప్ప. పెద్ద రాష్ట్రాల్లో శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షల రూపాయలు. 2024లో ఆంధ్రప్రదేశ్ ఓటర్లు 4.13 కోట్లు. సగటు నియోజకవర్గంలో 2.36 లక్షల మంది. అంటే ఒక్కో ఓటరుకు 17 రూపాయలు. హోటల్లో ఒక టీ ధర. హుజూరాబాద్, మునుగోడు ఉప ఎన్నికల్లో తమకు కవరు అందలేదని జనం రోడ్డెక్కిన వార్తలు చూసినవారికి ఆ 17 రూపాయల లెక్క ఎంత దూరమో తెలుసు. అసలు కిటుకు పరిమితి అంకెలో లేదు. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖాతాలోకే రావాలని చెప్పింది. ఆ ఏడాదే చట్టం సవరించి ఆ తీర్పును పక్కనబెట్టారు. ఈనాటికీ పార్టీ చేసే సాధారణ ప్రచారానికి పరిమితే లేదు. అభ్యర్థికి పదడుగుల గోడ కట్టి, పక్కనే పార్టీకి గేటు తెరిచిపెట్టారు. పైగా ఈ అమరిక కూడా ఎమ్మెల్యేను పార్టీ పెద్దకు మరింత కట్టేస్తుంది, ఎందుకంటే చట్టబద్ధంగా పెద్ద ఖర్చు పెట్టగలిగేది పార్టీ ఒక్కటే.

పార్టీ ఖజానాలోకి డబ్బు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా చేసిన ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ తర్వాత బయటికి వచ్చిన వివరాల్లో, 2019 ఏప్రిల్ నుంచి కొన్న కంపెనీల్లో రెండో స్థానంలో 966 కోట్ల రూపాయలతో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ ఉంది. అందుకున్న పార్టీల్లో బీఆర్‌ఎస్ వాటా 1,200 కోట్లు దాటింది, దేశంలో నాలుగో స్థానం. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 330 కోట్లకు పైగా, తెలుగుదేశానికి 200 కోట్లకు పైగా వచ్చాయి. వివరాలు బయటపడే నాటికి తెలంగాణ ఓటరు ఓటు వేసేసి మూడు నెలలు దాటింది. ఎవరి డబ్బుతో ప్రచారం సాగిందో తెలియకుండానే ఆ తీర్పు వచ్చింది. 2009 ఎన్నికల తర్వాత ఉమ్మడి రాష్ట్ర వర్కింగ్ జర్నలిస్టుల సంఘం పశ్చిమ గోదావరి జిల్లాలో పత్రికలను పరిశీలించి, డబ్బు తీసుకుని వేసిన వార్తల గుట్టు బయటపెట్టింది. డబ్బు తీసుకుని వార్తలు వేసే ఆ పనిని ఇప్పుడు వందల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు చేస్తున్నాయి. పార్టీ తన ఖాతాలో వేసే ప్రకటనకు ముందస్తు ధ్రువీకరణ కావాలి. అభిమాని పేరుతో నడిచే పేజీ వెనక ఎవరి జీతం ఉందో తేల్చే యంత్రాంగం లేదు.

గ్రామాల్లో ఇంకో రకం తప్పించుకోవడం నడిచింది: ఎన్నికే పెట్టకపోవడం. పంచాయతీ కాలం ముగిసేలోపు ఎన్నిక పూర్తికావాలని రాజ్యాంగంలోని 243ఇ అధికరణ చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో ముగిసిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో ముగిసినవాటికి 2025 డిసెంబరులో. రెండు రాష్ట్రాలు, వేర్వేరు కారణాలు, ఒకచోట రెండున్నరేళ్లు, ఇంకోచోట రెండేళ్లకు దగ్గరగా ప్రత్యేకాధికారుల పాలన. వీధి దీపం వెలగకపోతే సర్పంచి ఇంటికెళ్లి అడిగే మనిషి, ఆ కాలమంతా ఆఫీసులో లేని అధికారిని వెతుక్కున్నాడు.

మార్గాలు లేవని కాదు. న్యూజిలాండ్‌లో 1978లోనూ 1981లోనూ ప్రతిపక్ష లేబర్ పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చినా నేషనల్ పార్టీకి ఎక్కువ సీట్లు వచ్చాయి. దానిమీద 1986లో రాయల్ కమిషన్ నివేదిక ఇచ్చింది, 1993లో ప్రజలు ఓటేసి పద్ధతి మార్చుకున్నారు, 1996 నుంచి నియోజకవర్గ సీట్లతో పాటు పార్టీ ఓట్ల నిష్పత్తిలో జాబితా సీట్లు కూడా ఉన్నాయి. మన లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదికలో అలాంటిదే, ఉన్న సీట్లకు అదనంగా 25 శాతం జాబితా సీట్లు చేర్చాలని సూచించింది. తెలుగు రాష్ట్రాలకు అంత దూరం వెళ్లకుండానే చేసుకోగలిగినవి ఉన్నాయి. అధికార పక్షంతో పొత్తు లేని పార్టీల్లో పెద్దదాని నాయకుడికే ప్రతిపక్ష నేత హోదా అని, ఎన్ని సీట్లున్నా, శాసనసభ చట్టంలో రాసుకోవచ్చు. ప్రజా పద్దుల కమిటీ అధ్యక్ష పదవి అధికార పక్షంతో పొత్తు లేని పార్టీ సభ్యుడికే అని సభా నిబంధనల్లో చేర్చవచ్చు. వీటికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. ఈనాటి అధికార పక్షం రేపు ప్రతిపక్షం అవుతుందని ఈ రెండు రాష్ట్రాల్లో మూడు ఎన్నికలు చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు.

చివరగా న్యాయస్థానంలో ఓటరుకు మిగిలే ఆఖరి దారి. ఎన్నిక చెల్లదంటూ ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేయాలి. దాన్ని ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతుంది. 2018 డిసెంబరులో కొత్తగూడెంలో గెలిచిన ఎమ్మెల్యే అఫిడవిట్‌లో ఆస్తులు దాచారని తేల్చి తెలంగాణ హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదని 2023 జులైలో తీర్పు ఇచ్చింది, ఓడిన అభ్యర్థే గెలిచినట్టు ప్రకటించింది. తర్వాతి నెలలో గద్వాల విషయంలోనూ అలాంటి తీర్పే వచ్చింది. రెండింటి మీదా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నవంబరు 30న తెలంగాణ మళ్లీ ఓటు వేసింది. కొత్తగూడెం ప్రజలకు ఆ అయిదేళ్లు చట్టబద్ధంగా ఎవరు ప్రాతినిధ్యం వహించారన్న ప్రశ్నకు, ఆ సభ రద్దయ్యేదాకా తుది జవాబు రాలేదు.